ఈ వైపు పైకి

జ్ఞానాపురంలో మా కొట్టుకి తాళం లేదు.
షటరుంది. రాత్రిళ్ళు ముప్పావు దించుతాం, అంతే.
ఆ మిగిలిన పావు సందులోంచి
రెండు గంటలకో మూడింటికో ఎవరో ఒంగి
"అమ్మా, పెట్టె కావాల" అంటారు.

తాత ఇన్నాసి హార్బరు కలాసీ.
ఓడ దిగిన యంత్రాలకి చుట్టూ బిగించిన పైన్ చెక్కలు
మేకులతో సహా వేలంలో కొని
మొదటి పెట్టె సొంత అన్నకే కొట్టాడు.
క్రేను గొలుసు తెగి మీద పడింది అన్న మీద.
పై వాళ్ళు ఒక తెల్ల దుప్పటి ఇచ్చారు.
అది చాలదనిపించింది తాతకి.
మా ఇంటి అన్నం అక్కణ్ణుంచి మొదలు.

ఆయనకి చదువు రాదు.
చెక్క మీది నల్ల అక్షరాలు లోపలికి తిప్పి కొట్టేవాడు,
ఊసుపోక చదూకుంటాడులే పోయినోడు, అని.
మిషను బళ్ళో ఐదు చదివిన నానమ్మ లూర్దమ్మ
ఓ మధ్యాహ్నం అన్నం క్యారేజీ దించి
వేలుపెట్టి చదివి చెప్పింది:
"ఈ వైపు పైకి."
తాత నవ్వలేదు.
ఆ రోజు నుంచి ప్రతి మూత లోపలా, టేకుదైనా సరే,
పెన్సిలుతో ఒక బాణం గీశాడు, తల వైపుకి.
దారి తెలియొద్దా మరి, అనేవాడట.

నాన్న రాయప్పకి టేపు అక్కర్లేదు.
కంటితో చూస్తే చాలు, అంగుళం తేడా రాదు.
అందుకే వీధిలో ఎవరి వంకా తేరిపార చూసేవాడు కాదు.
"ఎలా ఉన్నారు" అని ఎవర్నీ అడిగేవాడు కాదు,
ఎందుకడిగాడో అనుకుంటారని.
పెళ్ళిళ్ళకి పిలిచేవారు,
ఫోటో దిగేటప్పుడు మాత్రం మర్చిపోయేవారు.

ఖాతా పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.
కొబ్బరితోట ఆరోగ్యం, ఐదున్నర అడుగులు, నలభై బాకీ.
బాకీ ఎవరు తీరుస్తారో రాయలేదు,
ఆరోగ్యమే వచ్చి ఇస్తాడన్నట్టు.
రెండడుగుల పెట్టెలకి పేరూ అంకే ఉండవు,
ఒక చుక్క.
ఒక వానాకాలం పేజీ అంతా చుక్కలే.
ఆ పేజీ దగ్గర ఇంకు మీద ఏదో తడి తగిలింది,
చూరు నీళ్ళే అంటుంది అమ్మ.

హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు ఊళ్ళో చెట్లన్నీ పడుకున్నాయి.
నాన్న ఒక నిద్రగన్నేరు మానుని కోతమిల్లుకి తోలించి
తన కొలతకి పెట్టె చేసుకున్నాడు. ఆరడుగుల రెండంగుళాలు.
అటక మీద పెడితే
అమ్మ అందులో ఏడాది చింతపండు దాచింది.
చింతపండు మూడుసార్లు గోలెంలోకి మారింది.
మొదట పోర్టులో పోయిన ఊరూ పేరూ తెలియని పొడుగు నావికుడికి,
తర్వాత ఒక డ్రిల్లు మాస్టారికి,
కరోనా రెండో ఏడు, అడిగినావిడ చెప్పులు కూడా లేకుండా వచ్చిందని.
మళ్ళీ చేసుకుందాంలే, అన్నాడు.
చేసుకోలేదు.

ఆయన పోయిన రాత్రి కొట్టులో ఆ సైజు లేదు.
నేనే కొట్టాను. అంతదాకా పుస్తకమే పట్టాను, చిత్రిక పట్టలేదు.
తాతనాటి పైన్ చెక్కలు నాలుగు వెనక గోడకి ఆనించి ఉంటే
అవే లాగాను.
తొందరలో ఒకటి తిరగబడింది, అక్షరాలు బయటికొచ్చాయి.
శ్మశానం మలుపు దగ్గర
మోసేవాళ్ళలో ఒక కాలేజీ కుర్రాడు వాటిని చదివి
భుజం సర్దుకుని
తన వైపు కాస్త పైకెత్తాడు.

ఇప్పుడు ఫ్రీజర్ బాక్సు అద్దెకిస్తున్నాం.
కరెంటు పోతే జనరేటరు మాదే.
ఆడపిల్ల ఈ పనేంటన్నవాళ్ళు కూడా
ఫోన్లో నా నెంబరు దాచుకున్నారు,
నా పేరుతో కాదు, "పెట్టెలు" అని.

మొన్న సాయంత్రం షటరు కింద నుంచి దూరి
ఆరేళ్ళ గుంటడొకడు పిల్లికి పెట్టె అడిగాడు.
అడుగున్నర. ఖాతాలో చుక్క పెట్టాను.
మూత వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి
"తలెటు?" అన్నాడు.
పెన్సిలు వాడికే ఇచ్చాను.